నాపరాతి బండల మీద లామినేట్ నేల వేసుకున్న వైనం

రెండేళ్ళ క్రితం కార్తీక మాసంలో ప్రొద్దుటూరులోని మా అన్న ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన నన్ను నేరుగా మేడ మీది పడకగదిలోకి తీసుకుపోయి, గది నడుమ నిలబడమన్నాడు. నేను నిలబడగానే పాదాల కింద నేల అర అంగుళం మేర కుంగింది. పక్కకు జరగగానే మళ్ళీ లేచింది. అంతకు ముందు వేసవిలో మనుషులను పెట్టి వేయించుకున్న లామినేట్ నేల అది. "చూడరా, గాలి నింపిన మాదిరి లేచిండాది. వానలు పోతే అదే అణుగుతుందని చెప్పినారు" అన్నాడు అన్న. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఒకవైపు గోడ వెంట, నేల అంచును కప్పుతూ గోడ అడుగున బిగించే స్కర్టింగు పట్టీని ఊడదీసి చూశాము. పలకల అంచులు గోడకు ఒత్తుకొని, గోడ పూతలో గీత పడేటంతగా దిగబడి ఉన్నాయి. పలకకూ గోడకూ నడుమ గోరు దూరే సందైనా లేదు; ఒకటి రెండు చోట్ల మిగిలిన సందును కూడా వేసినవాళ్ళు తెల్లసిమెంటుతో పూడ్చి పోయారు. పైగా, తలుపు వెళ్ళి గోడకు కొట్టుకోకుండా ఆపే బుడిపెను పలక గుండా కింది కాంక్రీటులోకి స్క్రూతో బిగించారు.

ఆ పని చేసినవాళ్ళను నేను పూర్తిగా తప్పుపట్టలేను. మన సీమలో నేల అంటే బండే. ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు ప్రాంతాల గనుల నుండి వచ్చే నల్లని నాపరాయి 'కడప బండ' అనే పేరుతో దేశంలో ఎక్కడెక్కడి వంటిళ్ళకో పోతుంది. ఉత్తరాన బేతంచెర్ల, పడమట తాడిపత్రి బండలకు వాటి పేరు వాటికి ఉంది. ఇక్కడ బేల్దారి పనితనమంతా సందు లేకుండా పరచడంలో, ఉన్న సందును సిమెంటుతో నిండుగా పూడ్చడంలో ఉంటుంది. సందు వదిలినవాడిని పని రానివాడంటాము. లామినేట్ నేల స్వభావం దీనికి నేరుగా విరుద్ధమైనది. అది దేనికీ అతుక్కోదు, దేనికీ బిగించబడదు. గది నిండా పరిచిన ఒకే చాపలాగా తన బరువుతో తాను పడి ఉంటుంది, కాలాన్ని బట్టి కొద్దిగా పెరుగుతుంది, కొద్దిగా తగ్గుతుంది. ఆ కదలికకు చోటు వదలడమే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమని, బండల ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు, అన్న ఇంట్లో ఆ స్కర్టింగు ఊడదీసిన రోజున తెలిసివచ్చింది. పోయిన వేసవిలో కడపలోని మా ఇంట్లో ఒక గదికి నేనే స్వయంగా లామినేట్ వేసుకోవడానికి పూనుకున్నది ఆ ధైర్యంతోనే.

లామినేట్ పలకలో నాలుగు పొరలుంటాయి. అన్నిటికంటే పైన ఉండేది, మెలమిన్ రెసిన్‌లో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు కలిపిన పారదర్శకమైన పొర. అరుగుదలను తట్టుకునేది అదే. దాని కింద చెక్క ఈనెలను అచ్చువేసిన కాగితం, ఆ కింద కట్టె పీచును రెసిన్‌తో కలిపి వేడి మీద గట్టిగా అదిమి చేసిన హెచ్‌డీఎఫ్ అనే దట్టమైన పలక, అడుగున పలక వంకర పోకుండా నిలిపే మరొక పొర ఉంటాయి. అల్మారాలకు అంటించే సన్‌మైకాను ఎరిగినవారికి పై రెండు పొరలు కొత్తవి కావు. అటువంటి లామినేటును కాళ్ళ కింద పరచుకునే వస్తువుగా 1977లో రూపొందించింది స్వీడన్‌కు చెందిన పెర్‌స్టార్ప్ కంపెనీ. తొలినాళ్ళలో పలకలను జిగురుతో అతికేవారు. ఒక పలక నాలుక మరొక పలక గాడిలో బిగుసుకునే క్లిక్ పద్ధతి 1990ల రెండవ భాగంలో వచ్చిన తరువాతనే, ఇది ఇంటి మనిషి సెలవు రోజుల్లో చేసుకోగల పని అయింది.

మన లెక్కకు ముఖ్యమైనది ఆ నడిమి పొర. కట్టె పీచు గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, గాలి పొడిబారితే ముడుచుకుంటుంది. చాలామంది ఎండ వేడికి నేల వ్యాకోచిస్తుందని అనుకుంటారు గానీ, ఈ పలకను ఎక్కువగా కదిలించేది తేమ. మా కడపలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి, గాలిలో తడి అన్నది ఉండదు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతపు వాయుగుండాలతో వారాల తరబడి గోడలు సైతం చెమ్మగిల్లుతాయి. మీటరుకు ఒక్క మిల్లీమీటరు చొప్పున పెరిగినా, 4 మీటర్ల గదిలో అది 4 మిల్లీమీటర్లవుతుంది. ఆ 4 మిల్లీమీటర్లకు పక్కకు పోయే దారి లేకపోతే పైకి లేవడం తప్ప వేరే మార్గం లేదు. అన్న గది వేసినది వేసవిలో, అంటే పలక బాగా ఎండి చిన్నదై ఉన్న రోజుల్లో, లేచింది వానల్లో. నేను కూడా బడికి సెలవులుండే వేసవిలోనే వేయాలి కనుక, తయారీదారులు సాధారణంగా చెప్పే 8 నుండి 12 మిల్లీమీటర్లలో పై అంకెనే ఎంచుకొని, నాలుగు గోడల దగ్గరా 12 మిల్లీమీటర్లు వదలాలని ముందే నిశ్చయించుకున్నాను.

మా ఇల్లు ఎర్రముక్కపల్లిలో ఉంది. మా నాయన కట్టించినది. హాలుకు పాలిష్ బండలు వేయించిన మా నాయన, డబ్బు చాలక, వెనుక గదికి మాత్రం పాలిష్ లేని రెండవ రకం బండలు పరిపించాడు. ముప్పై ఏళ్ళలో ఆ బండల సందుల్లోని సిమెంటు పొడిపొడిగా రాలిపోయి, రోజూ చీపురుకు ఇసుక రావడం, వానాకాలంలో చీమలు బారులు కట్టడం మామూలైపోయింది. మా అమ్మాయి చదువుకునేది ఆ గదిలోనే. బండలు పెకలించి టైల్స్ వేయిద్దామంటే, గోడలోకి కట్టిన అల్మారాల అడుగు భాగం దెబ్బతింటుంది, పదిహేను రోజులు ఇల్లంతా దుమ్ము. ఉన్న బండలను కదిలించకుండా వాటి మీదనే పరచుకోగలగడం లామినేటులో నాకు నచ్చిన గుణం. మా అమ్మ మాత్రం, "ఆ గదిలో ఏమన్నా పరుచుకోండి నాయనా, ఈ హాలు జోలికి రావద్దు" అని ముందే చెప్పింది. మే నెల మధ్యాహ్నం పాలిష్ బండ మీద తుండు గుడ్డ పరచుకొని పడుకోవడంలోని చల్లదనం తెలిసిన ఎవరైనా ఆ మాటే అంటారు, నేనూ ఒప్పుకుంటాను. బండ పాదంలోని వేడిని చప్పున లాగేస్తుంది, లామినేట్ లాగదు. కాబట్టి ఇంటినిండా దీన్ని వేయాలని నేను ఎవరికీ చెప్పను.

సెలవులు మొదలైన మరునాడే గదిని ఖాళీ చేశాము. పలకలు కొనడానికి ముందు తేల్చుకోవలసినవి మూడు విషయాలు: కింద చెమ్మ, చెద, మట్టం. చెమ్మను పరీక్షించడం సులభం. అడుగున్నర చదరపు పాలిథిన్ షీటును నేల మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించి, ఒక రాత్రీ పగలూ వదిలేయాలి. నేను మూడు చోట్ల అతికించాను. రెండు చోట్ల షీటు అడుగు పొడిగా ఉంది; స్నానాల గదిని ఆనుకొన్న గోడ దగ్గర మాత్రం షీటు లోపలి వైపు సన్నని నీటి ముత్యాలు పట్టి, దాని కింది బండ చుట్టుపక్కల బండల కంటే నల్లగా కనబడింది. ప్లంబరును పిలిచి చూపిస్తే, గోడలోని కొళాయి గొట్టం అతుకు దగ్గర నీరు చెమర్చుతున్నట్లు తేలింది. ఆ అతుకు మార్పించి, పది రోజులు ఆరనిచ్చి, అదే చోట మళ్ళీ షీటు అతికించి, పొడిగా ఉన్నదని చూసుకున్న తరువాతనే ముందుకు పోయాను. ఆ పరీక్ష చేయకపోయి ఉంటే, ఆ నీరంతా పలకల అడుగున చేరి, నా తప్పేమిటో నాకు తెలిసేలోపు గది సగం ఉబ్బిపోయేది.

చెద సంగతి మన ప్రాంతంలో చెప్పనవసరం లేదు. పలకలో ఉన్నది కట్టె పీచే కాబట్టి, చెదకు అది ఆహారమే. మందు కొట్టేవాళ్ళను పిలిపించి, గోడా నేలా కలిసే చోట అడుగుకు ఒకటి చొప్పున రంధ్రాలు వేయించి, వాటిలోకి చెద మందు ఎక్కించి, సిమెంటుతో మూయించాను. చీమల బారులు కూడా దానితోనే ఆగిపోయాయి.

మట్టం చేయడానికి పట్టినంత సమయం మరి దేనికీ పట్టలేదు. రెండు మీటర్ల పొడవున ఎత్తుపల్లాలు 3 మిల్లీమీటర్లకు మించకూడదన్నది లామినేటుకు సాధారణంగా పాటించే కొలత. బేల్దారి పని చేసే మా వీధి ఆయన దగ్గర రెండు మీటర్ల అల్యూమినియం పట్టె అడిగి తెచ్చుకొని, దాన్ని నేల మీద నిలువునా, అడ్డంగా, మూల నుండి మూలకు పెడుతూ, కింద వెలుతురు కనబడిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టాను. కంటికి సమంగా కనబడిన ఆ గదిలో, ఒకచోట 7 మిల్లీమీటర్ల పల్లం ఉంది. మరొకచోట రెండు బండలు కలిసే దగ్గర ఒక బండ అంచు పక్కదాని కంటే 5 మిల్లీమీటర్లు లేచి ఉంది. తరువాత కొయ్యసుత్తితో ప్రతి బండనూ తట్టి విన్నాను. గట్టిగా కూర్చున్న బండ ముద్దగా మోగుతుంది. అడుగున బోలుగా ఉన్న బండ కుండను తట్టినట్లు మోగుతుంది. అటువంటివి మూడు దొరికాయి. వాటిని జాగ్రత్తగా లేపి, కింద సిమెంటు మాలు వేసి తిరిగి కూర్చోబెట్టే పని మాత్రం నేను చేయక, పట్టె ఇచ్చిన ఆయన చేతనే చేయించాను. ఆయన పని ముగించి, "సందులు కూడా పూడ్చేస్తా సార్, పైన ఏమి వేసినా గట్టిగా ఉంటాది" అన్నాడు. బండల సందులు పూడ్చడం నిజంగానే మంచిది, రాలే ఇసుక ఆగుతుంది. గోడ అంచును మాత్రం ఆయన చేతికి అందనివ్వలేదు.

లేచిన అంచులను గ్రైండరుకు కప్ వీల్ అనే రాతిని అరగదీసే చక్రం తగిలించి అరగదీశాను. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు లేకుండా ఆ పని ఎవరూ చేయకూడదు. నాపరాతి పొడి పిండిలా లేచి, తలుపుకు తడిపి కట్టిన దుప్పటి కూడా దాన్ని పూర్తిగా ఆపలేకపోయింది. పల్లాలను, పోయగానే తనంతట తానే సమంగా పరుచుకునే సెల్ఫ్ లెవెలింగ్ మిశ్రమంతో నింపాను. దానికి ముందు బండకు ప్రైమర్ పూయాలి, లేకపోతే నున్నని రాతిని అది పట్టుకోదు. మిశ్రమం ఆరిన తరువాత పట్టె పెట్టి చూస్తే, ఎక్కడా 2 మిల్లీమీటర్లకు మించి వెలుతురు కనబడలేదు. ఇంతా చేసే బదులు, పలకల కింద మెత్తగా పరిచే ఫోము షీటును మందమైనది వేస్తే ఎత్తుపల్లాలు దానిలో కలిసిపోతాయని దుకాణంలో చెప్పారు. అది తప్పు సలహా. ఫోము మెత్తగా, మందంగా ఉన్నకొద్దీ అడుగు వేసినప్పుడల్లా పలకల కీళ్ళు వంగి లేస్తాయి. కొంతకాలానికి గాడి అంచు విరిగి సందు పడుతుంది. 8 మిల్లీమీటర్ల పలకకు 2 మిల్లీమీటర్ల ఫోము చాలు.

పలకలను ఏడు రోడ్ల దగ్గరి దుకాణంలో కొన్నాను. మందం 8 మిల్లీమీటర్లు, అరుగుదల తరగతి ఏసీ 4. ఇంటి గదులకు ఏసీ 3 సరిపోతుంది గానీ, మన కాళ్ళతో ఇంట్లోకి వచ్చే ఇసుకను తలచుకొని ఒక మెట్టు పైకి పోయాను. పెట్టె మీద ఈ1 అన్న గుర్తు ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. రెసిన్ నుండి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు పరిమితిలోనే ఉన్నదనడానికి అది సూచన, పిల్లలు చదువుకునే గదికి అది అవసరం. ఒక్కొక్క పలక 1,215 మిల్లీమీటర్ల పొడవు, 195 మిల్లీమీటర్ల వెడల్పు. పెట్టెకు 8 పలకలు, అంటే సుమారు 20.4 చదరపు అడుగులు. గది 14 అడుగులకు 11 అడుగులు, 154 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి పదిశాతం కలుపుకొంటే 9 పెట్టెలు కావాలి. ఆటోలో వేసుకొని తెచ్చి, పెట్టెలు విప్పకుండా, గోడకు నిలబెట్టకుండా, వేయబోయే గదిలోనే నేల మీద అడ్డంగా పేర్చి, 48 గంటలు అలాగే ఉంచాను. గోదాములోని గాలికి అలవాటుపడిన పలక మన గది గాలికి అలవాటు పడడానికి ఆ సమయం అవసరం.

ఆ రెండు రోజులూ నేను కాగితం మీద లెక్కలు వేసుకున్నాను. ఆ లెక్క ఒకటి ఇక్కడ వివరంగా చెబుతాను, ఎందుకంటే గోడ దగ్గర నుండి నేరుగా మొదలుపెట్టేవారికి చివరలో ఎదురయ్యే చిక్కు అదే. కిటికీ వెలుతురు పారే దిశలో పలకలు పొడుగ్గా పోతే కీళ్ళు కనబడవు కాబట్టి, 14 అడుగుల పొడవు వెంట పలకలు వేయాలనుకున్నాను. అడ్డంగా గది వెడల్పు 3,353 మిల్లీమీటర్లు. రెండు గోడల దగ్గర 12 చొప్పున 24 తీసివేస్తే 3,329 మిగులుతుంది. 195 వెడల్పు పలకలు 17 వరుసలు వేస్తే 3,315 అవుతుంది. అంటే చివరన 14 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి వేయవలసి వస్తుంది. అంత సన్నని పట్టీని కోయడమూ కష్టమే, కోసినా అది కీలులో నిలబడదు. చివరి వరుస కనీసం 50 మిల్లీమీటర్లయినా ఉండాలి. అందుకని, ఆ 14కు ఒక నిండు పలక వెడల్పు 195 కలిపి, వచ్చిన 209ని రెండుగా పంచి, మొదటి వరుసను 104, చివరి వరుసను 105 మిల్లీమీటర్లుగా కోశాను. నడుమ 16 నిండు వరుసలు. పూర్తయ్యాక గదిలోకి అడుగు పెట్టినవారికి రెండు గోడల దగ్గరా ఒకే వెడల్పు కనబడడం వల్ల నేల కుదురుగా ఉన్నట్లు తోస్తుంది. అయితే పాత ఇళ్ళలో ఎదురెదురు గోడలు సమాంతరంగా ఉండవు. మా గది ఒక చివర మరొక చివర కంటే 12 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది, ఆ తేడాను చివరి వరుసలోనే వాలుగా కోసి సర్దుకున్నాను.

బండల మీద మొదట 200 మైక్రాన్ల పాలిథిన్ పరిచాను. ఒక షీటు మీదికి మరొకటి 20 సెంటీమీటర్లు ఎక్కేటట్లు వేసి, టేపు అతికించి, గోడల దగ్గర రెండంగుళాలు పైకి మడిచాను. నేల అంతస్తు గదిలో దీన్ని వదిలివేయడం పొరపాటు. దాని మీద ఫోము; ఫోము షీట్లను మాత్రం ఒకదానికొకటి ఆనించాలి గానీ, ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు, ఎక్కిస్తే అక్కడ గట్టు ఏర్పడుతుంది.

మొదటి వరుసను గోడకు ఆనించకుండా, 12 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ ముక్కలను అడుగుకు ఒకటి చొప్పున నిలిపి, వాటికి ఆనించి వేశాను. గోడ వంకరగా ఉన్నా మొదటి వరుస మాత్రం దారం లాగినట్లు తిన్నగా ఉండాలి. అది తప్పితే ప్రతి వరుసలోనూ ఆ తప్పు పెరుగుతూ పోతుంది. పొడవు వెంట మూడు నిండు పలకలు పోగా 598 మిల్లీమీటర్ల ముక్క అవసరమైంది. కోయగా మిగిలిన అర పలకకు పైబడిన ముక్కతో రెండవ వరుస మొదలుపెట్టాను. దీని వల్ల వృథా తగ్గుతుంది, పక్క పక్క వరుసల కీళ్ళ మధ్య కనీసం ఉండవలసిన 30 సెంటీమీటర్ల ఎడం కూడా దానంతట అదే వస్తుంది. పలకను కొద్దిగా ఏటవాలుగా పట్టి, నాలుకను గాడిలో పెట్టి, కిందికి వంచితే మెత్తగా 'టక్' మని కూర్చుంటుంది. కూర్చోకపోతే నేరుగా సుత్తితో కొట్టకూడదు. అడ్డంగా ఒక చెక్క దిమ్మె పెట్టి, దాని మీద రబ్బరు సుత్తితో చిన్నగా తట్టాలి.

ఏడవ వరుస వేస్తుండగా, మా అమ్మాయి సెల్‌ఫోన్ లైటు నేల బారుగా పట్టుకొని, "నాన్నా, వెనుక ఒక నల్ల గీత కనబడుతోంది" అన్నది. అయిదవ వరుసలో రెండు పలకల మధ్య వెంట్రుక మందాన సందు ఉంది. నేను మొదట అది ఫరవాలేదనుకున్నాను. తరువాత, తడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ ఆ సందులోనుండే నీరు నడిమి పొరలోకి దిగుతుందని తోచి, రెండు వరుసలు విప్పాను. గాడిలో ఆవగింజంత ఇసుక రేణువు ఒకటి ఇరుక్కొని ఉంది. దాన్ని సూదితో తీసి, పలకను తిరిగి పెడితే, గీత ఏమీ లేకుండా కలిసిపోయింది. ఆ తరువాత పెయింటు కుంచె ఒకటి పక్కన పెట్టుకొని, ప్రతి పలక గాడిని అమ్మాయి తుడిచి ఇవ్వడం, నేను బిగించడం, బిగించిన తరువాత ఆమె లైటు పట్టి చూడడం, ఇలా మిగిలిన వరుసలు సాగాయి. పని నెమ్మదించిన మాట నిజమే. మళ్ళీ విప్పవలసిన అవసరం మాత్రం రాలేదు.

కోతలన్నీ వరండాలో కోశాను. జిగ్‌సా బ్లేడు పైకి వచ్చేటప్పుడు కోస్తుంది కనుక పలకను బోర్లించి కోయాలి. చేతి రంపంతో అయితే బొమ్మ వైపు పైకి ఉంచాలి. లేకపోతే పైపొర అంచు పెచ్చులు లేస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ గరుకు కాగితాల మీద వాడే పదార్థమే కాబట్టి, బ్లేడ్లు తొందరగా మొద్దుబారతాయి. ఒక్క గదికి నాకు నాలుగు బ్లేడ్లు పట్టాయి.

తలుపు దగ్గర పని కొంత ఓర్పు కోరింది. ద్వారబంధం నిలువు కొయ్యల చుట్టూ పలకను వంపులుగా కోసి ఆనించడం కంటే, కొయ్యల అడుగునే పలక మందాన కోసి, పలకను దాని కిందికి జరపడం మేలు. ఒక పలక ముక్కను, దాని కింద ఫోము ముక్కను నేల మీద పెట్టి, వాటి మీద రంపాన్ని పడుకోబెట్టి కోస్తే సరిగ్గా కావలసిన ఎత్తులో కోత పడుతుంది. తిరుమలకు గడప కనుకనే కడప అయిందని చెప్పుకొనే ఊళ్ళో, ప్రతి గదికీ గడప ఉండడం సహజం. ఆ గడపకు కూడా 12 మిల్లీమీటర్లు వదిలి, పైన అల్యూమినియం పట్టీని గడప కొయ్యకే బిగించాను, పలకకు బిగించలేదు. మా ఆవిడ శుక్రవారాలు గడపలన్నిటికీ పసుపు రాస్తుంది. ఆ తడి పలక అంచులోకి దిగకుండా పట్టీ కింద సాగే గుణం గల సిలికాన్ నింపాను. తెల్లసిమెంటు, పుట్టీ వంటివి అక్కడ పనికిరావు, ఎందుకంటే అవి గట్టిపడి కదలికను ఆపుతాయి. నేల మొత్తం ఒక సెంటీమీటరు లేచినందున తలుపు రాసుకుంది; వడ్రంగి వచ్చి తలుపు అడుగున చిత్రిక పట్టి పోయాడు.

చివరన స్కర్టింగు. సందు 12 మిల్లీమీటర్లు కనుక, దాన్ని కప్పడానికి 15 మిల్లీమీటర్ల మందం గలదాన్ని తీసుకొని, గోడకే స్క్రూలతో బిగించాను. దానికి ముందే, గోడకూ పలకకూ నడుమ నిలిపిన ప్లైవుడ్ ముక్కలను ఒక్కటి కూడా మరచిపోకుండా లెక్కపెట్టి తీశాను. ఒక్క ముక్క లోపల ఉండిపోయినా, ఆ చోట సందు వదలనట్లే.

గది వాడకంలోకి వచ్చాక ఇంట్లో అందరం కొన్ని అలవాట్లు మార్చుకోవలసి వచ్చింది. పండుగ ముందు బకెట్లతో నీళ్ళు పోసి కడగడం ఆ గదిలో లేదు. గట్టిగా పిండిన గుడ్డతో తుడవడమే. వేసవిలో కూలరు గదిలో పెట్టడం మానేసి, కిటికీ బయట ఇనుప స్టాండు మీద పెట్టించాను. కూలరు అడుగున కారే చుక్కలు ఒక ఎత్తు, అది గది గాలిలోకి నింపే తేమ మరొక ఎత్తు. ఇనుప బీరువాను ఒక గోడ వైపే ఉంచాను. ఎదురెదురు గోడల దగ్గర రెండు బరువులు పెడితే, నేల రెండు వైపులా నొక్కబడి కదలలేక నడుమ లేస్తుంది. అన్న గదిలో జరిగినదానికి గోడ సందు లేకపోవడంతో పాటు, మంచం ఒకవైపు, బీరువా ఒకవైపు ఉండడం కూడా కొంత కారణమని ఇప్పుడు నాకనిపిస్తుంది. వంటింట్లో, స్నానాల గది ముందు దీన్ని వేయమని ఎవరైనా చెబితే వినవద్దు.

నవంబరులో వారం రోజులు ముసురు పట్టింది. ఆ వారం చివరి ఆదివారం, కిటికీ వైపు కాక పొడుగు గోడల వైపు, రెండు చోట్ల స్కర్టింగు స్క్రూలు విప్పి సందును కొలిచాను. మేలో 12 మిల్లీమీటర్లు ఉన్న చోట ఒకవైపు 10, మరొకవైపు 11 ఉంది. గది నడుమ నిలబడి బరువు మార్చి చూశాను, నేల చలించలేదు. ఆ కొలతలను పెన్సిలుతో స్కర్టింగు వెనుక వైపు తేదీతో సహా రాసి, తిరిగి బిగించాను. రాత్రి అన్నకు ఫోను చేసి చెబితే, సంక్రాంతి సెలవుల్లో ఆ రెండు మీటర్ల పట్టె తీసుకొని ప్రొద్దుటూరు రమ్మన్నాడు.